మేకుకు తగిలించిన పిస్తోలు

అప్పచెరువు కట్ట తెగి, గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు రోడ్డు మీద కార్లు కొట్టుకుపోయిన వరద ఉంది చూశారా, దాని తరువాతి ఎండాకాలంలో జరిగింది ఇది. ఎవరి ముఖాన చూసినా మాస్కే. గూఢచారులకు మారువేషం బాధ తప్పిన ఏడాది.

శంషాబాద్ బస్టాండు వెనక జిరాక్స్ షాపు పైన ఒక గది. అదే సీక్రెట్ ఆఫీసు. చీఫ్ గోవర్ధన్ ఒక ఫోటో ముందుకు తోశాడు.

"ఆశేర్, అల్బేనియా ఎక్కడుందో తెలుసా?"

"తెల్వదు సార్. ఆ ఊరి పేరు మీద పెట్టె ఎన్నడూ ఎత్తలె."

ఆశేర్ పైకి ఎయిర్‌పోర్ట్ కార్గోలో లోడర్. లోపల ఏజెంట్ ట్వంటీ టూ. మాట తక్కువ మనిషి.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. నూట పదేళ్ళ కింద అల్బేనియా కొండల్లో జనం ఒట్టోమాన్ సుల్తాను మీద తిరగబడ్డారు. పన్ను కట్టం, తుపాకులు అప్పగించం అన్నారు. సుల్తాను పంపిన, పాషా బిరుదున్న సేనాపతి ఒకడు ఫౌజుతో వచ్చి ఇళ్ళు తగలబెట్టాడు. తిరగబడ్డవాళ్ళ పేర్లన్నీ ఒక కాగితం మీద రాయించుకున్నాడు. సామ్రాజ్యం కూలాక ఆ పాషా ఇంటివాళ్ళు నిజాం కొలువు వెతుక్కుంటూ పట్నం చేరారు. కాగితం ఉన్న పెట్టె పాతబస్తీలోనే ఉండిపోయింది. ఇప్పుడది ఒక విదేశీ ముఠా చేతికి చిక్కింది.

"చీకిపోయిన కాగితంతోని ఏం పని సార్?"

"అడుగున పదకొండు పేర్లు దొంగగా కలిపారు. తిరుగుబాటును పాషాకు పట్టించిన ద్రోహులు వీళ్ళేనని. ఆ కొండల్లో పగ మునిమనవళ్ళ దాకా పోతుంది. కాగితం అక్కడ దిగిందంటే పదకొండు ఇళ్ళలో శవాలు లేస్తాయి. రెండు పక్కలకూ ముఠా తుపాకులు అమ్ముకుంటుంది. ఈ రోజు నాలుగు పదికి కార్గో ఫ్లైట్. మామిడిపళ్ళ డబ్బాలో పోతోంది. ఏ డబ్బానో మన డబుల్ ఏజెంట్ చెబుతుంది."

ఫోటోలో ఆ డబుల్ ఏజెంట్. పేరు ద్రానా. పొడుగాటి మనిషి, తేనెరంగు జుట్టు, చూపు తిప్పుకోనివ్వని కళ్ళు. అల్బేనియా కొండపిల్లే. కొత్తూరు ఫ్యాక్టరీలో ఇంజినీరు వేషం, మామిడిపల్లిలో కిరాయి ఇల్లు.

"ముఠా నాయకుడి కోడ్ నేమ్ కూడా పాషానే," అన్నాడు చీఫ్.

"శంషాబాద్ చౌరస్తాల పాషా అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తరు సార్."

"చూడనివాడే మనకు కావలసినవాడు. పో."

ఒంటిగంట ఎండలో ఆశేర్ మామిడిపల్లిలో ఆ తలుపు కొట్టాడు.

"బంగినపల్లి ఉన్నదా?"

"ఈ ఏడు కాపు తక్కువ." కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. "లోపలికి రండి ఆశేర్ గారూ. మీ పిస్తోలు ఇలా ఇవ్వండి." తెలుగు విజయవాడ టీచరు దగ్గర నేర్చుకుందట, అచ్చం పుస్తకంలా మాట్లాడుతుంది.

మన మనిషే కదా అని ఇచ్చాడు. ఆమె దాన్ని తలుపు పక్క మేకుకు తగిలించింది. వెనకే ఇనప షట్టరు దడాలున దిగింది. చెప్పులో దాచిన జీపీఎస్ గుయ్‌మని మూగబోయింది. జామర్! ద్రానా చేతిలో ఇంకో పిస్తోలు.

"క్షమించండి. మూడున్నరకు పాషా వస్తాడు. మిమ్మల్ని అతనికి అప్పగించాలి."

"ఎందుకు?"

"ఆ పదకొండులో మొదటి పేరు మా ముత్తాతది. మిమ్మల్ని ఇస్తే కాగితం అక్కడ దిగాక ఆ పేరు కొట్టేస్తానన్నాడు. నాకు ఇద్దరు తమ్ముళ్ళు."

"మిగిలిన పది ఇండ్లల్ల తమ్ముళ్ళు లేరా?"

ఆమె పిస్తోలుతోనే కుర్చీ చూపించింది.

కిటికీలకు వెల్డింగ్ చేసిన గ్రిల్స్. బాత్రూం వెంటిలేటర్‌లో పిల్లి కూడా పట్టదు. రేకుల కప్పు కింద గది పొయ్యిలా ఉంది. నెత్తి మీదుగా విమానం పోయినప్పుడల్లా వంటగదిలో గిన్నెలు గలగలమంటున్నాయి. ఆశేర్ విమానాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. తొమ్మిదోది పోయింది. టైం మూడు. ఎటు చూసినా గోడే.

చూపు మేకు మీద ఆగింది.

"దాన్ని పారెయ్యక గట్ల తగిలించినవేంది?"

ఆమె తిరిగి చూసింది. తనకే తెలియనట్టు నవ్వింది. "అలవాటు. మా కొండల్లో చుట్టం వస్తే ఆయుధం ఇంటివాళ్ళే తీసి తగిలిస్తారు. ఇక అతని ప్రాణం మా పూచీ అని. పాషా ఫౌజు మా ముత్తాత ఇల్లు తగలబెట్టింది. మిగిలిన కొట్టంలో ఉన్నాడు. ఆ ఫౌజులోవాడే ఒకడు మంచులో దారి తప్పి తలుపు కొట్టాడు. ముత్తాత వాడి తుపాకీ తీసి తగిలించాడు, రొట్టె, ఉప్పు పెట్టాడు. వాణ్ణి మాకివ్వమని ఊరంతా వస్తే గడపలో అడ్డం నిలబడ్డాడు. పొద్దున తను ముందు నడిచి పొలిమేర దాటించాడు. అక్కడ చెప్పాడు, ఇక నువ్వు నా శత్రువువి, పరుగెత్తు అని."

పదో విమానం పోయింది.

"ఆకలైతుంది," అన్నాడు.

ద్రానా వంటగదిలోంచి రొట్టె తెచ్చింది. తుంచి, ఉప్పు అద్ది, చేతికిచ్చింది. అతను తీరిగ్గా నమిలి మింగాడు. నీళ్ళు తాగాడు.

"ద్రానమ్మా, లోపలికి రమ్మన్నది నువ్వే. పిస్తోలు తగిలించింది నువ్వే. రొట్టె, ఉప్పు పెట్టింది నీ చెయ్యే. ఇగ చెప్పు, నేనెవర్ని?"

ఆమె మేకు వంక చూసింది.

"చుట్టాన్ని ఇంట్ల ఎవడన్న చంపితే?"

"చంపినవాణ్ణి ఇంటివాళ్ళే వెంటాడాలి. ఎవరైనా సరే." "మీరు కావాలనే తిన్నారు!"

"ఆకలి మాత్రం నిజమే."

బయట కారు హారన్. షట్టరు లేచింది. మాస్కు, నల్లకళ్ళద్దాలు, సైలెన్సర్ బిగించిన పిస్తోలు. పాషా.

"పక్కకు జరుగు, ద్రానా."

ఆమె జరగలేదు. ఇద్దరి మధ్యా అడ్డం నిలబడింది. "ఈయన నా చుట్టం."

"పిచ్చెక్కిందా? నీ తమ్ముళ్ళు..."

"మా ముత్తాత ద్రోహి అని కాగితం మీద ఉంటే అది అబద్ధం. ఈయన నా ఇంట్లో చస్తే అదే నిజమైపోతుంది."

పాషా చెయ్యి లేచింది. ఆమె చేతిలో తుపాకీ ముందు పేలింది. మణికట్టు పట్టుకుని అతను కూలబడ్డాడు. ఆశేర్ వాణ్ణి జేబులో ఉన్న కార్గో డబ్బాల ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాడు. ద్రానా మేకు మీది పిస్తోలు తీసి రెండు చేతులతో అందించింది.

"డబ్బాకు నీలం టేపు. అడుగు వరస."

మూడు నలభై ఎనిమిది. గేటు వరకు ఆమె ముందు నడిచింది. గేటు దగ్గర ఆగి రోడ్డు వంక చూసింది. అక్కడ పాషా మనుషుల జీపు.

"మా హద్దు ఇక్కడికే," అంది. మళ్ళీ తనే గేటు పక్కనున్న స్కూటర్ కిక్ కొట్టింది. "ఎక్కండి. ఈ రోజు హద్దు కార్గో గేటు."

జీపు వెంటపడింది. ఆశేర్ సందులన్నీ చెబుతూ పోయాడు. స్కూటర్ పట్టిన సందులో జీపు పట్టలేదు.

నాలుగు ఏడు. విమానం తలుపు మూస్తున్నారు. "ఆపుండ్రి! ఒక డబ్బా కుళ్ళింది!" లోడర్ ఆశేర్ మాట కాదనేవాడు అక్కడ లేడు. అడుగు వరసలో నీలం టేపు. పళ్ళ కింద మైనపు గుడ్డలో కాగితం. నాలుగు పదికి విమానం ఒక డబ్బా తక్కువతో లేచింది.

"మనల్ని మోసం చేసింది. పాషాతో పాటు ద్రానానూ లోపల వేస్తాను," అన్నాడు చీఫ్ సాయంత్రం.

"పాషా మీద సాక్ష్యం ఆమెనే చెప్పాలె సార్. లాకప్‌ల వేస్తే పాషా మనుషులు బతకనిస్తరా?"

"మరి నాలుగు రోజులు ఎక్కడ దాచుదాం?"

ఆశేర్ మాస్కు సర్దుకుని లేచాడు.

మరునాడు పొద్దున్నే ఆశేర్ లేచి, తన ఇంటి తలుపు పక్క గోడకు ఒక మేకు కొట్టాడు. సుత్తి చప్పుడుకు భార్య ప్రేమమ్మ బయటికి వచ్చింది.

"క్యాలెండర్ కోసమా?"

"కాదు. చుట్టం వస్తుంది. రొట్టెలు చెయ్యి, ఉప్పు జర ఎక్కువనే పెట్టు."