నాలుగో గది ఖాళీ కాలేదు

అమలాపురంలో ఆ ఆసుపత్రి పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా, ఆ చోట వేరే మేడ లేచింది. కానీ అప్పట్లో అక్కడ పనిచేసినవాళ్ళు ఎవరైనా కనబడితే అడగండి... వెనకవైపు నాలుగో గది అనగానే ఓ క్షణం ఆగి, అప్పుడు మాట్లాడతారు.

తొంభై ఆరు తుపాను నాటి సంగతి. ఆ రాత్రి గాలికి వెనకవైపు రేకులు లేచిపోతుంటే పేషెంట్లందర్నీ మోసుకుంటూ మేడమీదకి చేర్చేరు. ఆ చీకట్లో, ఆ కంగారులో, ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళు తెచ్చేరులే అనుకున్నారు. నాలుగో గదిలో రత్నం గారనే పెద్దావిడ ఉండిపోయింది. ఉబ్బసం మనిషి. ఎంతసేపు పిలిచిందో, ఎవర్ని పిలిచిందో... ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? తెల్లారి వెళ్ళి చూసేసరికి ప్రాణం లేదు.

అప్పట్నుంచీ వాన పట్టిందంటే చాలు, ఆ గదిలోంచి ఎవరో పిలుస్తున్నారనేవారు. పేషెంట్లు ఆ గది ఇస్తే వద్దనేవారు. ఇక లాభం లేదని మంచం తీయించేసి, అక్కడ కంప్యూటరు పెట్టించేరు. కంప్యూటరుకైతే భయం ఉండదు కదా అనుకున్నారేమో.

ఆ కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల వాణి. బండారులంకలో మా వీధే, నేతపని వాళ్ళ ఇల్లు. ఇదంతా తను నాకు చెప్పిందే. నేను కలిపిందేమీ లేదు.

రెండువేల మూడులో డాక్టరు బుచ్చిరాజు గారు పాత సాఫ్టువేరు తీయించేసి కొత్తది వేయించేరు. పాతది నల్ల తెర మీద తెల్లక్షరాలు. చూడ్డానికి ఏమంత బావుండదు గానీ చెప్పిన పని చేసేది. కొత్తది రంగురంగులది. కాకినాడ నుంచి సూర్యతేజ అనే ఇంజనీరు వచ్చి వేసి వెళ్ళేడు.

"ఇంక చీటీలూ, గోడ మీద బోర్డులూ ఏవీ అక్కర్లేదండి. ఎవరు చేరేరు, ఎవరు వెళ్ళేరు, అంతా ఇందులోనే చూసుకోవచ్చు," అన్నాడు.

"ఆయ్, అలాగే కానిద్దాం," అన్నారు డాక్టరు గారు. ఆ సాయంత్రమే గోడమీది బోర్డు దింపించేసేరు.

మర్నాటి నుంచీ వాణికి నరకమే.

తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయేయి. మీసాలాయన కాన్పుల వార్డులో చేరినట్టు చూపించేది. పసిపిల్లకి నూరేళ్ళు దాటిన వయసు వేసేది. మంచం మీద ఉన్న మనిషి లిస్టులోంచి మాయమైపోయేవాడు. ఒక్క పేరు సరిచేసి మీట నొక్కితే ఇసుక గడియారం బొమ్మ వచ్చి కూర్చునేది... అది కదలదు, వాణిని కదలనివ్వదు. మధ్యలో ఆపేసి లేస్తే ఆ రోజు ఎక్కించినదంతా పోతుంది. అన్నం తినడానికి లేవాలన్నా దాని అనుమతి కావాలి.

సూర్యతేజకి ఫోను చేసేది.

"సార్, ఉన్న పేషెంట్లు వెళ్ళిపోయినట్టు చూపిస్తోందండి."

"మా దగ్గర బాగానే వస్తోందండి. ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడండి."

"పొద్దుట్నుంచీ అదే పనిలో ఉన్నానండి."

"అయితే ఇంకొక్కసారి చూడండి."

పాపం మంచివాడే. సొంతూరు ఆత్రేయపురం కావడంతో, వచ్చినప్పుడల్లా ఓ పెట్టె పూతరేకులు పట్టుకొచ్చి వాణి బల్ల మీద పెట్టేవాడు. ఒక తప్పు దిద్దేవాడు. అతను బస్సెక్కేలోపు ఇంకోటి లేచేది. పూతరేకులు మాత్రం మిగిలిపోయేవి, వాణికి తినబుద్ధయ్యేది కాదు.

వీటన్నిటికంటే వింత ఒకటుంది.

రోజూ పొద్దుగూకేక, ఆ రోజు లిస్టు మూసేముందు, అన్నిటికీ పైన ఒక పేరు వచ్చేది. రత్నం. గది నాలుగు. ఖాళీ కాలేదు.

నాలుగో గదంటే తను కూర్చున్న గదే.

నర్సు స్టెల్లాని పిలిచి చూపించింది. స్టెల్లా తెర వంక చూసి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, బయటికి నడిచింది. వరండాలోకి తీసుకెళ్ళి అప్పుడు చెప్పింది... ఆ పేరెవరిదో.

సూర్యతేజ అయితే నవ్వేడు. "పాత పేర్లు ఎక్కించినప్పుడు ఆవిడ వెళ్ళిపోయిన తేదీ ఎవరూ వేయలేదండి. అందుకని ఇంకా గదిలోనే ఉన్నట్టు లెక్క. తీసేయండి, అంతే."

వాణి తీసేసేది. మర్నాడు పొద్దుగూకేసరికి మళ్ళీ వచ్చేది.

ఆశ్వయుజంలో అల్పపీడనం పట్టింది. ఒకటే వాన. ఆ రోజు సాయంత్రం స్టెల్లా రాత్రి డ్యూటీకి వస్తే, "వెళ్ళిపోతున్నానక్కా," అని చెప్పింది వాణి. సంచీ భుజానికి తగిలించుకుంది కూడా. కానీ తెర మీద ఆ పేరు అలాగే ఉంది. దాన్ని వదిలేసి వెళ్ళబుద్ధి కాలేదు. మళ్ళీ కూర్చుని తీసేసింది.

ఇసుక గడియారం వచ్చింది...

ఎంతసేపటికీ పోలేదు. వాణి చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. బయట చీకటి పడిపోయింది. రేకుల మీద వాన హోరు తప్ప వేరే చప్పుడు లేదు. ఇంతలో కరెంటు పోయింది. జనరేటరు ముందువైపు వార్డులకే. వెనకవైపంతా చీకటి గుయ్యారం. కంప్యూటరు మాత్రం బ్యాటరీ మీద కీచుకీచుమంటూ నడుస్తోంది.

ఇక చాలనుకుని లేచింది. గోడ పట్టుకుంటూ వరండా చివరికి వెళ్ళి ఇనప గ్రిల్ తలుపు లాగింది.

తాళం వేసి ఉంది.

పిలిచింది. గ్రిల్ పట్టుకుని ఊపింది. "స్టెల్లక్కా... సాలమోనూ..." వాచ్‌మన్ సాలమోను ఉండేది ముందు గేటు దగ్గర. ఆ వానలో తన గొంతు తనకే సరిగా వినబడలేదు. వెనక్కి వచ్చి ఇంటర్‌కం ఎత్తింది. అందులో ఊపిరి లేదు. కిటికీకి కమ్మీలు. కిటికీ అవతల కొబ్బరితోట, దాన్నిండా నీళ్ళు.

కంప్యూటరు తెర వెలుగొక్కటే మిగిలింది గదిలో. అందులో ఆ ఒక్క వరుస.

రత్నం. గది నాలుగు. ఖాళీ కాలేదు.

బ్యాటరీ కీచుమనడం ఆగిపోయింది. ఆ వెలుగు కూడా పోయింది.

వాణి గోడకి చేరబడి నేల మీద కూర్చుంది. మోకాళ్ళు కౌగిలించుకుని, ఊపిరి చప్పుడు కాకుండా పీల్చుకుంటూ...

అప్పుడు వినబడింది.

"ఎవరండీ... ఎవరైనా ఉన్నారా..."

గోడలోంచి వచ్చినట్టుంది. సన్నగా, నీరసంగా... మనిషి గొంతో కాదో తెలియనట్టు. వాణి రెండు చేతులతో చెవులు మూసుకుంది. అయినా వినబడుతోంది.

"నీళ్ళు... కాసిని నీళ్ళు..."

స్టెల్లా చెప్పిందంతా గుర్తొచ్చింది. ఇలాంటి వానలోనే, ఇదే గదిలో, ఇలాగే పిలిచి ఉంటుంది. పారిపోవడానికి ఎటూ దారి లేదు. తలుపు తీసినా వరండాయే. వరండా చివర తాళం.

"వాణీ..."

పేరు పెట్టి పిలిచింది. అప్పుడు తనకి ఒళ్ళంతా చల్లబడిపోయిందని చెప్పింది వాణి.

కాసేపటికి ఆ పిలుపు ఆగిపోయింది. అమ్మయ్య అనుకోవాలి కదా... అనుకోలేకపోయింది. పిలుస్తున్నంతసేపూ ఒక భయం, ఆగిపోయేక ఇంకో భయం. పిలిచి పిలిచి ఆగిపోతే ఏమవుతుందో ఆ గది గురించి విన్నవాళ్ళెవరికైనా తెలుసు. వాణి తనకి తెలియకుండానే గోడకి చెవి ఆనించింది.

"షుగరు మనిషినమ్మా..." అంది ఆ గొంతు, మాట ముద్దైపోతూ. "సూది ఇచ్చేరు... అన్నం రాలేదు... చెమటలు పట్టేస్తున్నాయి..."

దెయ్యానికి షుగరెందుకుంటుంది?

ఆ ఒక్క మాటా పట్టుకుని లేచింది. బల్ల మీద తడిమితే మంచినీళ్ళ సీసా, దాని పక్కన పూతరేకుల పెట్టె దొరికేయి. పక్కది సిమెంటు కట్లు వేసే గది. బయట గడియ పెట్టి ఉంది. గడియ తీసి లోపల అడుగుపెట్టగానే చల్లటి చెయ్యొకటి ఆమె మణికట్టు పట్టుకుంది. తడిసి ముద్దైన చెయ్యి, వణుకుతోంది.

"వచ్చేవా తల్లీ..."

ఆయన పేతురు మాస్టారు. మామిడికుదురులో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యేరు. కాలు విరిగితే ఆ మధ్యాహ్నమే కట్టు వేసి అక్కడ పడుకోబెట్టేరు. ఆయన భార్య కృపమ్మ గారు అన్నం తెస్తానని ఊరికి వెళ్ళి, రోడ్డు మీదకి నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోతే అక్కడే చిక్కుపడిపోయేరు.

వాణి పూతరేకులు తుంపి ఒక్కొక్క ముక్కా ఆయన నోట్లో పెట్టింది. మధ్యమధ్య నీళ్ళు పట్టింది. కాసేపటికి ఆయన వణుకు తగ్గింది. అప్పుడు మంచం కింది స్టీలు బేసిను పట్టుకెళ్ళి గ్రిల్‌ మీద కొట్టడం మొదలుపెట్టింది. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టింది. ఎప్పటికో టార్చిలైటు పట్టుకుని సాలమోను వచ్చేడు.

"వెనక ఎవరూ లేరని స్టెల్లమ్మ గారు చూసి చెప్పేరమ్మా," అన్నాడు తాళం తీస్తూ.

స్టెల్లా పరుగున వచ్చి గ్లూకోజు ఎక్కించింది. డాక్టరు గారు ఇంటి నుంచి తడుస్తూ వచ్చేరు. ఇంకో గంట ఆలస్యమైతే మాస్టారు దక్కేవారు కారన్నారు.

పొద్దున్న సూర్యతేజకి ఫోను చేస్తే, ఈసారి 'మా దగ్గర బాగానే వస్తోంది' అనలేదు. మధ్యాహ్నానికల్లా వచ్చి కూర్చుని, వెతగ్గా వెతగ్గా పట్టుకున్నాడు. పై వరుసలో ఉన్న పేరు తీసేస్తే తెర మీద అది పోయినట్టు కనబడుతోంది గానీ, లోపల పోయేది దాని కింది పేరు. రోజూ రత్నం గారిని తీసేస్తున్నాననుకుని వాణి తీస్తున్నది ఆవిడ కిందున్న మనిషిని. ఆ రోజు కిందున్నది పేతురు మాస్టారు. ముందు కౌంటరు దగ్గరి కంప్యూటరులో స్టెల్లా చూసిన లిస్టులో ఆయన లేరు. సాలమోను లోపలికి తొంగిచూడకుండా గడియ పెట్టేసేడు.

సూర్యతేజ తల దించుకుని, "నేను మొదటి రోజే చూడాల్సిందండి," అన్నాడు.

డాక్టరు గారు పాత బోర్డు వెతికించి, తన చేత్తోనే మళ్ళీ గోడకి తగిలించేరు.

వాణి మాస్టారి దగ్గరకి వెళ్ళింది. అప్పటికి కృపమ్మ గారు వచ్చి పక్కన కూర్చుని ఆయనకి ఇడ్లీ పెడుతున్నారు.

"మీ పేరు తీసేసింది నేనేనండి, మాస్టారూ," అంది, కళ్ళనీళ్ళతో.

"నీకేం తెలుసమ్మా. వచ్చేవు కదా, అది చాలు," అన్నారాయన. "నువ్వు భయపడతావనీ, అయినా వస్తావనీ ఆవిడ ముందే చెప్పేరు."

"ఎవరండీ?"

"మీ గదిలో నీతోపాటు ఉన్నారు కదా, ఆ పెద్దావిడ. పాపం బాగా ఆయాసపడుతున్నారు. నాకు నిద్ర పట్టకుండా గోడ అవతల్నుంచి మాట్లాడుతూనే ఉన్నారు, చీకటి పడ్డప్పట్నుంచీ. నీ పేరు కూడా ఆవిడే చెప్పేరు."

వాణి నాలుగో గది వైపు తల తిప్పింది.

"'ఆ పిల్ల మీ పక్కనే ఉంది కదా, మీరే పిలవొచ్చు కదండీ' అన్నాను ఆవిడతో," అన్నారు మాస్టారు. "'నేను పిలిస్తే ఎవరూ రారు మాస్టారూ... మీరు పిలవండి,' అన్నారు."