కాఫీ ముట్టని మాంత్రికుడు

మిట్టమధ్యాహ్నం! నీడలు సైతం కాళ్ళ కింద దాక్కునే ఘడియ. బాహా అనే ఎడారి కొండల నడుమ ఓ లోయలో చినుకు లేదు, గాలి లేదు... పైన పీఠభూమి మీద మాత్రం ఉరుము! రాబందు ఒకటి ఇంటి కప్పు మీద వాలి, లోపలికి తొంగి చూస్తోంది...

లోపల తోలుమంచానికి కట్టేసిన ఎలోదియా మగగొంతుతో గర్జించింది.

"పొండి! ఈ ఊట వదిలి పొండి!!"

మేకలు ఊటనీళ్ళు ముట్టడం మానేసిన రోజే ఆమెను ఏదో భూతం ఆవహించింది. భర్త లియాంద్రో దిగువ ఊరి నుంచి మాంత్రికుడు నికనోర్‌ను పిలిపించాడు. అతడు ఎద్దు కపాలాన్ని ఆమె తలాపున నిలిపాడు. అతడి కళ్ళు నిప్పుకణికలు!

"పొద్దుగూకేలోగా మందను తోలుకుని పొండి. లేదా ఈమె శవమే మిగులుతుంది. ఊటకు నేను కాపలా ఉంటా."

లియాంద్రో తలవంచాడు. తాతల నాటి మేకలదొడ్డి... పెళ్ళాం ప్రాణం కంటే ఎక్కువా?

అతని తల్లి కాసిమీరా ఊటనీళ్ళతో కాచిన కాఫీ తెచ్చి మాంత్రికుడి ముందు పెట్టింది. ఆ కొండల్లో పగవాడైనా కాఫీ తాగాకే కత్తి దూస్తాడు.

"ఉపవాసం, తల్లీ."

"పెదాలు పగిలి నెత్తురొస్తోంది కదయ్యా! సరే, నీ కంచరగాడిదకూ ఉపవాసమేనా? ఊటనీళ్ళ తొట్టి ఇక్కడుండగా దాన్ని కింద ఎండిన వాగులో కట్టావేం?"

కాసిమీరా కొడుకు వైపు తిరిగింది.

"లియాంద్రో! ఊటలో మందు పెట్టినవాడు ఆ నీళ్ళు తాగలేడురా. పట్టుకో వీణ్ణి. నేను తాగిస్తా!"

"ముసలీ! నీ వంశాన్ని బూడిద చేస్తా!!"

కాఫీ కప్పును తన్ని, కపాలం చంకన పెట్టుకుని నికనోర్ వాగులోకి పరుగెత్తాడు. కంచరగాడిద అప్పటికే తాడు తెంపుకుని గట్టెక్కింది. ఉరిమేటప్పుడు కొండవాడెవడూ వాగులో పశువును కట్టడు. ఇతడు కట్టాడు.

భీకర ఘోష! పైన కురిసిన వానంతా బండలను దొర్లించుకుంటూ ఎర్రటి గోడలా విరుచుకుపడింది. మొదట ఊటను కడిగేసింది. అడుగు నుంచి మేకపిల్ల పుర్రె లేచింది... దాని చుట్టూ ఎలోదియా తలవెంట్రుకలు! అది దారి తెలిసినదానిలా నికనోర్ మీదికే వచ్చింది...

"తాడు! తాడు వెయ్యండ్రా...!"

గట్టు మీది నుంచి లియాంద్రో తాడు విసరబోయాడు. కాసిమీరా దాని కొస మీద కాలు వేసి నిలబడింది.

"అమ్మా, చస్తాడే!"

"చావనీ."

కేక నీళ్ళలో మునిగింది. ఇంటి లోపలి నుంచి ఎలోదియా గొంతు వినిపించింది... ఆమె సొంత గొంతు.

"అత్తా... ఎవరో అరిచినట్టుంది?"

"మేకలమ్మా," అంది కాసిమీరా, కాలు తీయకుండానే. "పడుకో."