కంచెలోంచి తీసిన ఊచ

ట్యునీసియాలోని బిజెర్తె ఊళ్ళో, పాత రేవు వెనక సందులో లజ్‌హర్ కొలిమి. పక్కనే ఇల్లు. ఆ వేళ పొద్దుటి నుంచీ ముసురు పట్టింది.

"ఊళ్ళోవాళ్ళ గేట్లన్నీ అతుకుతావు. మన మంచం మాత్రం ఏడాదిగా అలాగే ఉంది," అని భార్య మబ్రూకా ఎత్తిపొడిచింది.

కూతురు దలెందా పురిటికి వచ్చింది. నెలలు నిండాయి. తను పుట్టిన ఆ ఇనుప మంచం మీదే కానుపు కావాలని దాని కోరిక. మంచానికి తలవైపు ఊచ ఒకటి విరిగిపోయి ఉంది.

అది కాల్చి, సుత్తితో సాగదీసిన పాతకాలపు ఇనుము. బజారు కడ్డీ దానితో కలవదు, వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే పగులుతుంది. అలాంటి ఇనుము ఎక్కడుందో లజ్‌హర్‌కి తెలుసు. ఊరి చివర, ఎప్పుడో వెళ్ళిపోయిన ఫ్రెంచివాళ్ళ శ్మశానంలో.

మధ్యాహ్నం వెళ్ళాడు. ఓ మూల సమాధి చుట్టూ నడుమెత్తు ఇనుప కంచె ఉంది. రాతి మీద పేరు చెరిగిపోయింది. సమాధి పొడవు చూడగానే అతని చెయ్యి ఆగింది. చిన్నబిడ్డది.

ఒక్క ఊచే కదా అనుకున్నాడు. కోస్తున్నంతసేపూ రాతివైపు చూడలేదు. ఊచ ఊడి వచ్చాక కంచెలో సందు మిగిలింది. చిన్నపిల్ల దూరేంత సందు.

కొలిమిలో ఊచ తెల్లగా కాగింది. దాగలి మీద పెట్టి, మంచం నుంచి ఊడదీసి తెచ్చిన విరిగిన ముక్కకు కలిపి కొట్టాడు. బొగ్గు పొగలోంచి తడిమట్టి వాసన వచ్చింది. తర్వాత పాల వాసన. సుత్తి ఆపాడు.

దెబ్బ మాత్రం ఇంకొకటి వినిపించింది... మెత్తగా. చిన్న చేత్తో తట్టినట్టు.

మబ్రూకా చారూ రొట్టే తెచ్చింది.

"ఎక్కడిదయ్యా ఈ ఇనుము?"

"రేవు దగ్గర తుక్కులోది."

భార్యతో అబద్ధం చెప్పడం అతనికి కొత్త. రొట్టె పక్కన పెట్టేశాడు.

ఆమె ఊచ పక్కన చెయ్యి పెట్టి చూసి, మెల్లగా ముట్టుకుంది. "ఇదేంటి, ఇంత చల్లగా ఉంది?"

కొలిమిలోంచి అప్పుడే తీసింది అది.

అయినా తీసుకెళ్ళి మంచానికి బిగించాడు. దలెందా ఆయాసపడుతూ నడుం వాల్చింది. కాసేపటికి లోపల్నుంచి పిలిచింది.

"నాన్నా, ఈ పిల్లని మంచం దిగమను. కాళ్ళనిండా బురద."

గదిలో ఎవరూ లేరు. దుప్పటి అంచు మాత్రం తడిసి ఉంది... ఎర్రమట్టితో.

లజ్‌హర్ భార్యను వాకిట్లోకి లాక్కెళ్ళి, తల దించుకుని అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. అది ఇంకా బాధగా ఉంది.

"మన బిడ్డ కోసం ఇంకొకరి బిడ్డ దగ్గర లాక్కొచ్చావా?" అంది గొంతు తగ్గించి. "ఇచ్చిరా. చీకటి పడకముందే. క్షమించమని అడుగు."

మంచం నుంచి ఊచ కోసి, పట్టుకుని పరుగెత్తాడు.

శ్మశానంలో ఎవరూ లేరు. వాన చప్పుడు... తన ఊపిరి చప్పుడు. సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సందు కోసం తడిమాడు.

సందు లేదు.

తను కోసిన చోట ఇంకో ఊచ ఉంది. దాని అతుకు మీద పడిన చినుకులు సుయ్యిమంటున్నాయి. అంత వేడి... ఇప్పుడే ఎవరో కొట్టి అతికినట్టు.

"తల్లీ... నీది నీకు తెచ్చాను," అన్నాడు. "తప్పయిపోయింది. తీసుకో."

కంచె నాలుగు వైపులా మూసుకుపోయి ఉంది. ఆ పిల్ల లోపలికి వెళ్ళిందో, బయటే ఉండిపోయిందో అతనికి తెలియలేదు.

జేబులో ఫోన్ మోగింది. దలెందా.

"అమ్మా, ఎలా ఉన్నావు? ఆ పిల్ల..."

"మెల్లగా మాట్లాడు నాన్నా," అంది కూతురు గుసగుసగా. "ఇప్పుడే నిద్రపోయింది."