మిర్యాలగూడకు ఊక లోడు

కోదాడ బైపాస్ పక్కన చాయ్ తాగుతున్న సతీష్‌ను నంబర్ ప్లేటు లేని జీపు గుద్దింది. ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ గుద్దింది. చుట్టూ మూగినవాళ్ళు యాక్సిడెంట్ అనే అనుకున్నారు. రోడ్డుకు అవతల మిర్చి బ్రోకర్ వేషంలో నిలబడ్డ కస్టమ్స్ నిఘా విభాగం ఏజెంట్ జవహర్‌కు మాత్రం సంగతి అర్థమైంది. సతీష్ ఆ చాయ్ పూర్తి చేసి అతనికి ఒక అడ్రస్ చెప్పాల్సి ఉంది.

జవహర్ సందులోకి జారుకుని హైదరాబాద్‌కు ఫోన్ కొట్టాడు.

"చీఫ్, సతీష్ పోయాడు."

"అడ్రస్?"

"చెప్పకుండానే."

"మధ్యాహ్నం కోర్టులో వాదన. సర్వర్ లేకుండా మన లాయర్ సరళ ఏం మాట్లాడాలి? ఏదో ఒకటి చెయ్యి."

అది 2013 వేసవి. ఓర్బిలా డాట్ కామ్ అనే ఆన్‌లైన్ షాపు ఫోన్లు, కెమెరాలు కారుచౌకగా అమ్ముతోంది. కంపెనీ రిజిస్ట్రేషన్ ఏదో దీవిలో, బ్యాంకు ఖాతా ఇంకో దేశంలో. సరుకు మాత్రం కోదాడ చుట్టుపక్కల పల్లెటూరి మనుషుల పేర్ల మీద 'బహుమతి' అని రాసుకుని దిగుతుంది. చిన్న బహుమతికి కస్టమ్స్ సుంకం లేదు. ఎవరైనా నిలదీస్తే ఓర్బిలా లాయర్లది ఒకటే పాట. మా సర్వర్ విదేశంలో ఉంది, మీ దేశంలో మాకు షాపే లేదు, మీ పన్ను మాకు వర్తించదు, సరుకు తెప్పించుకున్నవాడిని పట్టుకోండి!

ఆ తెప్పించుకున్నవాడు చిలుకూరులో గొర్రెలు కాచుకునే లింగన్న. గొర్రెలకు ఇన్సూరెన్స్ అని నమ్మించి వేలిముద్ర వేయించుకున్నారు పాపిష్టివాళ్ళు. అలా ఆ సరుకంతటికీ దిగుమతి లైసెన్సు ఆయన పేరు మీద పుట్టింది, ఎగ్గొట్టిన సుంకమంతా ఆయన నెత్తిన పడింది. ఇప్పుడాయన సూర్యాపేట సబ్ జైల్లో ఉన్నాడు. ఆ సర్వర్ నిజానికి కోదాడలోనే ఎక్కడో నడుస్తోంది. దాన్ని పట్టి చూపిస్తే షాపు ఇక్కడే ఉన్నట్టు, అమ్మింది ఓర్బిలాయే అయినట్టు, లింగన్న బయటపడ్డట్టు. కేసంతా ఆ ఒక్క ఇనుప పెట్టె మీదే ఆగి ఉంది.

ఫోన్ మోగింది. లింగన్న భార్య రుక్కమ్మ.

"సారూ, సూర్యాపేట కోర్టు కాడున్న. మా ఆయన అన్నం ముడ్తలేడు. మొన్న జైల్ల తువ్వాలతోటి ఉరేసుకోబోయిండంట, పక్కనోళ్ళు జూసి ఆపిన్రంట. ఇయ్యాల ఇడ్వకపోతే మనిషి దక్కడు సారూ. నిజం చెప్తె ఏం గాదని మీరే గద తోల్కపోయిన్రు?"

"తెస్తున్న రుక్కమ్మా. దొరికింది."

అబద్ధం. ఫోన్ పెట్టేశాక జవహర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇక మిగిలింది మనస్విని. ఓర్బిలాకు ఇండియా మేనేజర్. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్ళద్దాలు, మిర్చి ఘాటును కూడా ఓడించే సెంటు. ఆర్నెల్లుగా కంపెనీ కబుర్లు విభాగానికి చేరవేస్తోంది. విభాగం కబుర్లు కంపెనీకి కూడా చేరుతున్నాయని చీఫ్ అనుమానం. మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఆమె ఎదురైంది.

"సరుకు ఘాటెంత?" అన్నాడు జవహర్.

"కళ్ళు మండేంత." కోడ్ సరిపోయింది. "సర్వర్ ఇక్కడే ఉండింది. తెల్లవారకముందే కంటైనర్లో విజయవాడ వైపు పంపేశారు. ట్రాకర్ నేనే అంటించాను."

లిప్‌స్టిక్ అంత రిసీవర్ అతని చేతిలో పెట్టింది. పైఅంతస్తు అద్దం వెనక ముఠా నాయకుడు డొమినిక్ నిలబడి కిందికే చూస్తున్నాడు.

"వెళ్ళండి. లారీలు చూసుకుంటూ పోండి. మీది మిర్యాలగూడ కదా, లారీల సంగతి మీకు నేను చెప్పాలా!"

జగ్గయ్యపేట దాటాక, రోడ్డు పక్కన ఆగి ఉన్న కంటైనర్ చిక్కింది. జవహర్ సీలు పగలగొట్టాడు. లోపల బొమ్మలు. తలుపు తెరవగానే కొన్ని కుదుపుకు కిలకిలా నవ్వాయి కూడా. ట్రాకర్ ఒక బొమ్మ మెడలో వేలాడుతోంది.

"నిన్ను అమ్మేసింది," అన్నాడు చీఫ్ ఫోన్లో. "ఇక వదిలెయ్. వచ్చెయ్."

జవహర్ రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. గూఢచారులు ఏడవకూడదని శిక్షణలో చెప్పారు గానీ, రుక్కమ్మ మొహం ఎలా చూడాలో ఎవరూ చెప్పలేదు. అయినా చూడక తప్పదని తన జీపును సూర్యాపేట వైపు తిప్పాడు.

కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు దగ్గర ఊక లారీ ఒకటి అడ్డం తిరిగింది. నిండు చూలాలి పొట్టలా పట్టా ఉబ్బి, రోడ్డంతా తనదే అన్నట్టుంది. జవహర్ బ్రేకేసి అరిచాడు.

"ఏడికి పోతున్నవయ్యా గిట్ల?"

"మిర్యాలగూడకు సార్, జర ఆగుర్రి."

"లోడేంది?"

"ఊకే సార్. మిల్లుకు."

లారీ ముందుకు సాగింది. జవహర్ జీపు కదపలేదు. మిర్యాలగూడలో ఎటు చూసినా రైస్ మిల్లులే. ఊక ఎక్కడ పోయాలో తెలియక ఇటుక బట్టీలకు తోలుతుంటారు. అక్కడే పుట్టి పెరిగిన జవహర్ ఊక ఊరు దాటిపోవడమే చూశాడు గానీ, బయటి నుంచి రావడం ఎన్నడూ చూడలేదు. పైగా ఊకకు బరువెక్కడిది? ఈ లారీ వెనక భాగం కుంగిపోయి ఉంది.

జీపు లారీ వెంట పడింది. హుజూర్‌నగర్ దాటింది, నేరేడుచర్ల దాటింది. మధ్యలో లాయర్ సరళ ఫోన్.

"మన కేసు చివరికి నెట్టించాను. ఇంక నా వల్ల కాదు. ఏదో ఒకటి చెప్పండి!"

మిర్యాలగూడ శివారులో మూతపడ్డ మిల్లు. మూతపడ్డ మిల్లు గొట్టంలోంచి పొగ! జవహర్ గోడ దూకేసరికి కూలీలు ఊకలోంచి ఇనుప పెట్టెను లాగి బాయిలర్ మూతి దగ్గరికి నెడుతున్నారు. పక్కనే మనస్విని. డొమినిక్ పిస్తోలు ఎత్తాడు.

"లేట్ అయ్యావు ఏజెంట్. బూడిద మీద పన్ను వేస్తావా?" అన్నాడు ఇంగ్లీషులో.

జవహర్ జేబులోని మత్తు గ్యాస్ పెన్ను తీసి నొక్కాడు. సిరా కారింది.

డొమినిక్ నవ్వాడు. "తొయ్యండి!"

పెట్టె సగం లోపలికి పోయింది. గుప్పున పొగ వచ్చింది. మంట రాలేదు. డొమినిక్ చిరాగ్గా అటు తిరిగాడు. ఆ క్షణంలోనే మనస్విని బాయిలర్ మంట ఎగదోసే ఇనుప కడ్డీ ఎత్తి అతని మణికట్టు మీద కొట్టింది. పిస్తోలు ఎగిరిపడింది, కూలీలు పరుగు తీశారు. జవహర్ పెట్టెను పట్టి గుంజాడు. చేతులు బొబ్బలెక్కాయి. పెట్టెకు ఒక మూల రంగు మాత్రం ఊడింది.

డొమినిక్‌ను పట్టా తాడుతో కట్టేస్తూ జవహర్ సరళకు ఫోన్ చేశాడు.

"సర్వర్ దొరికింది! మన గడ్డ మీదే, నా చేతుల్లోనే ఉంది!"

"జడ్జిగారు పెన్ను తీశారు," అంది సరళ. "లైన్లో ఉండండి."

ఆమె నిలబడి చెప్పడం, బెంచీ మీది గొంతు ఏదో అడగడం ఫోన్లో వినిపించాయి. ఆ తర్వాత రుక్కమ్మ ఏడుపు వినిపించింది. అది మంచి ఏడుపే.

జవహర్ మనస్విని వైపు తిరిగాడు. "బొమ్మలెందుకు అంటగట్టావు నాకు?"

"డొమినిక్ మీది అద్దంలకెళ్ళి చూస్తుండె. నిన్ను అటు తోలకపోతే నన్నే బాయిలర్ల ఏసేటోడు." ఆమె హుజూర్‌నగర్ భాష అతను వినడం అదే మొదలు. "పెట్టె మీద ఊక కప్పుదామన్నది నేనే. ఈడ బాయిలర్ల ఊక తడిపించింది గూడ నేనే. మిర్యాలగూడకు ఊక తోలరని ఆయనకేం ఎరుక? నీకు ఎరుకైతదనుకున్న."

"నేను ఆ లారీని చూడకపోతే?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "సతీష్ మా చిన్నమ్మ కొడుకు," అంది.

ఆ సాయంత్రం సూర్యాపేట సబ్ జైలు గేటు తెరుచుకుంది. చిక్కి సగమైన లింగన్న బయటికొచ్చాడు. రుక్కమ్మ కొంగులోంచి రొట్టె తీసి తుంచి నోట్లో పెట్టింది. ఆయన నమిలాడు. అది చూశాకే జవహర్‌కు ఊపిరాడింది. తల నిండా ఊకతో దగ్గరికెళ్ళి, ముఠా ఎలా దొరికిందో చెప్పాడు.

లింగన్న నమలడం ఆపేశాడు.

"ఏందీ? మిర్యాలగూడకు ఊక తోలిన్రా?"

"అవునయ్యా."

లింగన్న భార్య వైపు చూసి తల కొట్టుకున్నాడు.

"ఛీ! ఇసొంటి తెలివితక్కువోళ్ళ చేతులల్లనా, నేను మోసపోయింది!"