ఎర్ర బోయా దగ్గర సున్నా

డిప్యూటీ సర్వేయర్ శవం ఉదయాన్నే జెట్టీ కింద తేలింది. చెవి మీద పెన్సిల్ లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి, ఆఫీసంతా అతన్ని పెన్సిల్ అనే పిలిచేది.

“మునిగి చావలేదు. మెడ మీద సూది గుర్తుంది,” అన్నాడు నిఘా విభాగం చీఫ్. “ఈ మధ్య సర్వేలో దొరికిన నీటికింది రాయిని కొత్త హార్బర్ చార్ట్‌లో ఎక్కించలేదట. విదేశీ ముఠా పని. ఏ ఓడైనా దానికి గుద్దుకుని మునిగితే ఓడలు వచ్చే ఛానెల్ మూసుకుపోతుంది. ఈ మధ్యాహ్నం పన్నెండు వందల మందితో ప్యాసింజర్ షిప్ వస్తోంది.”

“బయటే ఆపెయ్యొచ్చుగా?” అడిగాడు ఏజెంట్.

“వెనక తుఫాను తరుముకొస్తోంది. రాయి ఎక్కడుందో చెప్తే తప్పుకుని వస్తుంది. అది చార్ట్ మీద సంతకం పెట్టినావిడకే తెలియాలి. ముఠా మనుషులు ఆ ఆఫీసులోనే ఉండొచ్చు, వేషం మార్చుకుని వెళ్లు.” చీఫ్ గొంతు తగ్గించాడు. “సర్వే డైరెక్టర్. మీ అక్క. అమ్ముడుపోయిందని తేలితే ఏం చెయ్యాలో నీకు చెప్పక్కర్లేదు.”

అక్క అమ్ముడుపోతుందంటే ఏజెంట్ నమ్మలేకపోయాడు. ఆడమనిషిని సర్వే ఓడ ఎక్కనివ్వం అంటే, ఎక్కనిచ్చేదాకా మెట్ల మీదే భీష్మించుకు కూర్చున్న మనిషి అక్క. వాంతులు చేసుకుంటూనే సముద్రం లోతులు కొలిచింది. చివరికి ఆ ఓడలన్నిటికీ పెద్ద దిక్కయింది. ఈ ఉద్యోగంలోకి రాకముందు అతనికి సర్వే పని నేర్పింది కూడా ఆమే.

గంటలో అతను నీటి లోతు కొలిచే ఎకో సౌండర్ యంత్రాల మెకానిక్ అయిపోయాడు. నీలం యూనిఫాం, అతికించిన మీసం, చేతిలో రిపేరు పెట్టె. అందులో రేడియో దాచారు; పెట్టె మీది టెస్ట్ బటన్ నొక్కితే మాట నేరుగా ఆ ప్యాసింజర్ షిప్ కెప్టెన్‌కు వినిపిస్తుంది.

డైరెక్టర్ గదిలో అక్క ఒంటరిగా లేదు. పక్కనే పట్టు స్కార్ఫ్‌తో, సెంటు గుబాళింపుతో అందమైన ఆఫీసు సలహాదారు. ఆవిడ తమ డిపార్ట్‌మెంటుకు రహస్యాలు చేరవేసే మనిషేనని గుర్తుపట్టి ఏజెంట్ ఊపిరి పీల్చుకున్నాడు. తమ్ముణ్ణి చూసి అక్క ముఖం మాత్రం రాయిలా ఉండిపోయింది. ఆమె చెయ్యి కాగితాల మీద బరువుగా పెట్టిన సీసం గుండు మీద ఉంది. యంత్రాలు లేని రోజుల్లో తాడుకు కట్టి లోతు చూసిన గుండు అది.

“చెక్ లైన్లు ఎలా వచ్చాయి మేడమ్?” అడిగాడు ఏజెంట్.

నిలువుగా కొలిచిన దారుల్ని అడ్డంగా దాటుతూ ఓడ మళ్లీ కొలుస్తుంది; అవే చెక్ లైన్లు. రెండూ కలిసేచోట లోతులు పోల్చి చూస్తారు.

“అన్నిచోట్లా పదో ఇరవయ్యో సెంటీమీటర్ల తేడా ఉంది. ఎర్ర బోయాకు ఉత్తరాన మాత్రం సున్నా. వరసగా సున్నాలే,” అంది అక్క.

“అంత పక్కాగా వచ్చింది మరి!” అంది సలహాదారు మురిసిపోతూ.

అతను కిటికీలోంచి, ఓడల దారికి గుర్తుగా నీళ్లపై తేలుతున్న ఆ ఎర్ర బోయాకేసి చూశాడు. అలలూ ఆటుపోట్లూ ఉన్న నీళ్లలో రెండు కొలతలు అలా అతికినట్టు కుదరవు. ఆ అంకెల్ని ఎవరో బల్ల ముందు కూర్చుని వండారన్నమాట. వండింది అక్కే. సర్వే తెలిసినవాడు పట్టుకునేలా వండింది.

బటన్ నొక్కాడు. “కెప్టెన్! రాయి ఎర్ర బోయాకు ఉత్తరాన ఉంది. దక్షిణానికి తిప్పండి!”

స్కార్ఫ్ కింద నుంచి పిస్టల్ బయటికొచ్చింది. ఆవిడ రెండువైపులా జీతం తీసుకుంటోందని అతనికి అప్పుడు అర్థమైంది. అక్క సీసం గుండు ఎత్తి ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చింది. తూటా సీలింగ్‌లోకి దూసుకుపోయింది. ఏజెంట్ ఆవిడ చేతులు విరిచి పట్టుకున్నాడు. పెట్టెలోంచి ఇంజన్ హోరు, అరుపులు వినిపించాయి.

“గండం తప్పింది,” అన్నాడు కెప్టెన్. “పెయింట్ గీరుకుందంతే.”

సాయంత్రానికి అక్క కొడుకు ఇంటిముందు కాపు కాస్తున్న ముఠా మనుషులిద్దరు దొరికారు. వాడి ఫొటోలు చూపించి, చంపేస్తామని బెదిరించే ముఠా అక్కను లొంగదీసుకుంది.

“నీ మీసం వంకరగా ఉందిరా,” అంది అక్క. వెంటనే భోరుమంది. “ఆ సున్నాలు నువ్వు చూస్తావనే పెట్టాన్రా. పెన్సిల్ ముందు చూశాడు. మీటింగులో లేచి, ఇవి ఇంత బాగా ఎలా కుదిరాయండీ అన్నాడు. చాదస్తమని అందరూ నవ్వారు. ఆ సలహాదారు ఒక్కతే నవ్వలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నా.”

 అతను అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

సరిదిద్దిన చార్ట్‌లో ఆ రాయికి అక్క ‘పెన్సిల్ రాయి’ అని పేరు పెట్టింది. బతికుండగా అతని మాట చెవిన పెట్టిన వాళ్లు లేరు. ఇక మీదట అతన్ని పట్టించుకోకుండా ఏ కెప్టెనూ హార్బర్‌లోకి రాలేడు.