గాలి బావి కింద చప్పుడు

బొగ్గు గనుల ఊరు స్కెల్‌బరోలో చీకటి పడ్డాక గాలి బావి వైపు ఎవరూ వెళ్ళరు. కుక్కని తిప్పడానికి బయల్దేరినవాళ్ళు కూడా ఆ ఇనప కంచె కనపడగానే గొలుసు లాగి వెనక్కి మళ్ళుతారు.

బావంటే నీళ్ళ బావి కాదు. బొగ్గు గనిలోకి గాలి ఆడడానికి తవ్విన నిలువు గొయ్యి. ఒకనాడు లోపల మంట లేచింది. అందరూ పైకొచ్చారు, ముగ్గురు తప్ప. ఆ ముగ్గురూ బతికే ఉన్నారని ఊరంతటికీ తెలుసు. ఎందుకంటే పైదాకా వచ్చే ఇనప గొట్టాన్ని కింది నుంచి కొడుతూనే ఉన్నారు. టంగ్... టంగ్... టంగ్...

మంట పక్క గనులకి పాకుతుందని పైనుంచి ఆర్డరొచ్చింది. కాంక్రీటు పోసి మూత బిగించేశారు. పోస్తున్నంతసేపూ చప్పుడు వస్తూనే ఉంది.

పోశాక కూడా వస్తూనే ఉంది — ఏళ్ళ తరబడి. ఆ మూతలోంచి మొండిచెయ్యిలా పైకి పొడుచుకొచ్చిన గొట్టం రాత్రుళ్ళు మోగుతుంది. గాలి లేని రాత్రి అయితే కొండ మీది ఇళ్ళదాకా వినిపిస్తుంది.

ఆ ఊరి నెవిల్ ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ వాడి పిడికిళ్ళు బిగుసుకుంటాయి. భయంతో కాదు... కోపంతో.

మూత బిగించి ఇరవై ఏళ్ళయింది; సమ్మె ఓడిపోయి మిగిలిన గనులూ మూతపడిన రోజులవి. కుర్రాళ్ళకి పని లేదు, ఒంటినిండా కోపం మాత్రం ఉంది. ముగ్గురు కలిసి బ్యాండు పెట్టారు. క్లైవ్ గిటారు పట్టి పాడతాడు. జానీన్ నిలబడే డ్రమ్ములు బాదుతుంది. నెవిల్‌ది మనిషంత ఎత్తు తంతివాద్యం, బాస్ — తంతి లాగి వదిలితే చెక్కకి తగిలి చెంపదెబ్బలా మోగుతుంది. గనిలో బళ్ళు లాగిన గుర్రాల పేరు పెట్టుకున్నారు: పిట్ పోనీస్.

వాళ్ళ నాన్నల కాలం నాటి రాకబిల్లీ పాటని మూడింతలు వేగం చేసి, అందులో శవాల్నీ సమాధుల్నీ కుక్కితే సైకోబిల్లీ అయింది. తల పక్కలు గొరిగించుకుని, నడినెత్తి జుట్టు కోడి తురాయిలా నిలబెట్టారు. గని కార్మికుల క్లబ్బులో వాళ్ళు వాయిస్తుంటే కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ఒకర్నొకరు గుద్దుకునేవాళ్ళు. పడినవాణ్ణి లేపి, వీపు తట్టి, మళ్ళీ గుద్దేవాళ్ళు. అక్కడ కోపం కక్కేసి అంతా తేలిగ్గా ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఆ పేరు లండన్‌దాకా పాకింది. రికార్డు వేస్తానన్న పెద్దమనిషి ఒకడు, "సమాధుల పాటలు అందరూ పాడుతున్నారు బాబూ, మీ ఊళ్ళో అసలు దెయ్యం ఏదైనా ఉందా?" అని అడిగాడు.

వారం తిరక్కుండా క్లైవ్ పాట కట్టుకొచ్చాడు. కాలిపోయిన చేతులతో గొట్టం మీద తాళం వేస్తూ, మూత తీయండర్రా, డాన్సుకి పోవాలి అని బతిమాలే శవం పాట. ఆ శవానికి విల్ఫ్ అని పేరు పెట్టాడు.

కింద ఉండిపోయిన ముగ్గురిలో ఒకడు విల్ఫ్. జానీన్ వాళ్ళ నాన్న. మూత బిగించేనాటికి ఆమె ఉయ్యాల్లో ఉంది.

"ఆయన మా నాన్నరా," అంది జానీన్.

"మీ నాన్న కాదే, దెయ్యం! పేరు పలకడానికి బాగుందని పెట్టాను. కావాలంటే మారుస్తాలే."

"పేరు మారిస్తే మనిషి మారతాడా?"

"అబ్బ, మన పాటలంటేనే అంత కదా. నవ్వుకోడానికే."

"అయితే నవ్వుకో." చేతిలో డ్రమ్ము పుల్లలు వాడి మొహాన విసిరికొట్టింది. కోటు తగిలించుకుని, గుమ్మం దగ్గర ఆగి నెవిల్ వంక చూసింది.

నెవిల్ తన బాస్ వాద్యం మెడ పట్టుకుని నేల చూస్తున్నాడు.

"నువ్వయినా ఏమన్నా అంటావనుకున్నాను," అని వెళ్ళిపోయింది.

పాట అదిరిపోయింది. లండన్, హాలండ్, జర్మనీ... డ్రమ్ములకి కొత్తవాడొచ్చాడు. పాట మొదట్లో నెవిల్ ఒక్కడే తంతి కొట్టాలి — గొట్టం మోగినట్టు. ఆ దెబ్బలకి హాలు హాలంతా బూట్లతో నేల తన్నేది. క్లైవ్ మీద మంట, అంతకంటే తన మీద తనకి మంట. ఆ మంటకొద్దీ గట్టిగా కొట్టేవాడు. గట్టిగా కొట్టినకొద్దీ జనం ఊగిపోయేవాళ్ళు! వేళ్ళు పగిలి తంతి మీద రక్తం కారితే అదీ ఆటలో భాగమనుకుని ఈలలు వేసేవాళ్ళు.

రెండో రికార్డు గురించి మాట్లాడుకుంటున్నప్పుడు క్లైవ్ కళ్ళు మెరిశాయి.

"మొదట్లో అసలు చప్పుడే పెడదాంరా. నిజం దెయ్యం! ఎవడి దగ్గరుంది చెప్పు?"

నెవిల్ సరేనన్నాడు. చప్పుడు పట్టడానికి తీసుకెళ్ళే టేపు రికార్డర్ని ఆ గొట్టం మీదే పగలగొట్టాలని మనసులో అనుకుని మరీ బయల్దేరాడు.

ఒక రాత్రి వ్యాను రోడ్డు మీద ఆపి కంచె దూకారు. పొగమంచు... బొగ్గు తిప్ప మీంచి జారి నేలంతా కమ్మేసింది. పది అడుగుల అవతల కాంక్రీటు దిబ్బ నల్లగా, మూపురంలా ఉంది. క్లైవ్ రికార్డరు కింద పెట్టి మీట నొక్కాడు. చిన్న ఎర్ర దీపం వెలిగింది.

అంతా నిశ్శబ్దం.

"విల్ఫ్ బాబాయ్," అన్నాడు క్లైవ్, కిసుక్కున నవ్వుతూ. "మైకు రెడీ... కానియ్!"

నెవిల్‌కి ఒళ్ళు మండింది. రెండు చేతులా వాడి కాలరు దొరకబుచ్చుకుని పైకెత్తాడు. "ఇంకొక్క మాట అన్నావంటే..."

టంగ్.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

టంగ్... టంగ్...

"నువ్వే కదూ?" క్లైవ్ గొంతు పీలగా వచ్చింది. "నువ్వే కొడుతున్నావు... నన్ను బెదిరించడానికి..."

"నా రెండు చేతులూ నీ కాలరు మీదే ఉన్నాయి కదరా."

క్లైవ్ ఒక్క గుంజు గుంజుకుని పరిగెత్తాడు. కంచెకి తగులుకుని జాకెట్టు చిరిగిన చప్పుడు. వ్యాను తలుపు... ఇంజను... అంతే. వెనక్కి తిరిగైనా చూడలేదు.

నెవిల్ కాళ్ళు కూడా అటే లాగాయి. ఎవడైనా పరిగెడతాడు. కానీ గుమ్మం దగ్గర ఆగి తన వంక చూసిన జానీన్ మొహం కళ్ళ ముందు నిలిచింది. ఒకసారి నోరు మూసుకుని ఊరుకున్నాడు. మళ్ళీనా?

పళ్ళు బిగబట్టి ముందుకే నడిచాడు. దిబ్బ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి టార్చి వేశాడు.

రాత్రి గౌను మీద మగవాళ్ళ కోటు. తలకి గుడ్డ. ఒక బక్కచిక్కిన చెయ్యి, అందులో పెద్ద పానా — గొట్టం మీదకి లేస్తోంది.

"ఈనిడ్ ఆంటీ!"

జానీన్ వాళ్ళమ్మ.

"ఆ లైటు మొహం మీద కొట్టకురా," అంది విసుగ్గా. "పారిపోయింది ఆ క్లైవ్‌గాడేనా?"

"వాడే..."

"పోనీ. పరిగెత్తడం ఈ ఊరి మగాళ్ళకి బాగా వచ్చు."

"ఇన్నేళ్ళూ... ఇది మీరేనా ఆంటీ?"

ఆవిడ పానా దించింది.

"వాళ్ళు కింద కొడుతుంటే పైన ఒక్కడూ తిరిగి కొట్టలేదురా. విన్నాం, ఇక్కడే ఉన్నాం అని చెప్పడానికైనా ఆ గొట్టం ముట్టుకోలేదు. నేను పోబోతే ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. మూత బిగిసి అందరూ ఇళ్ళకి పోయాక వచ్చి కొట్టాను. అప్పట్నుంచీ కొడుతున్నాను. ఊరు దెయ్యమంది. పోనీ, దెయ్యమో మనిషో వెళ్ళి చూద్దామని ఒక్కడొచ్చాడా? అప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. నువ్వూ ఆ వెధవా కలిసి దాన్ని పాట చేసి ఊరూరా తిప్పారు. సిగ్గు లేదూ?"

నెవిల్ గిర్రున వెనక్కి వెళ్ళాడు. గడ్డిలో ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. మడమెత్తి ఒక్క తొక్కు తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. ప్లాస్టిక్కు పొడిపొడి అయ్యేదాకా, టేపు పేగుల్లా బయటికొచ్చేదాకా తొక్కుతూనే ఉన్నాడు. పిట్ పోనీస్ బ్యాండు ఆ బూటు కిందే చచ్చింది.

రొప్పుతూ ఆవిడ దగ్గరికొచ్చాడు. "తప్పైపోయింది ఆంటీ."

"నాకెందుకు చెప్పడం? జానీన్‌తో చెప్పుకో. తంతే తన్నించుకో."

"చెప్తాను. రేపే వెళ్తాను." చలికి ఆ మనిషి వంగిపోయి ఉంది. ఇన్నేళ్ళు, ఇంత చీకట్లో, ఒట్టి ఇనప గొట్టంతో... భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. "రండి, ఇంటికి దిగబెడతాను. ఇంక చాలు ఆంటీ. కింద ఎవరూ లేరు..."

ఈనిడ్ వాడి వంక వింతగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. వాడి చెయ్యి పట్టుకుని, చల్లటి గొట్టానికి ఆనించింది.

"మాట్లాడకుండా ఉండు," అంది గుసగుసగా. "జవాబు రాకపోతే ఇన్నేళ్ళు వస్తానట్రా?"