తాబేలెక్కిన వేగరి

పూర్వం తామ్రగిరి రాజ్యంలో మంటలకు వేడి పోయింది. పొయ్యి వెలిగిస్తే మంట లేచేది, పొగ వచ్చేది, కళ్ళు కూడా మండేవి. కానీ ఎసరు మాత్రం మరిగేది కాదు. మంటలో చెయ్యి పెడితే చెరువు నీళ్ళలో పెట్టినట్టు చల్లగా ఉండేది. జనం నానబెట్టిన పెసలు, పచ్చి దుంపలు తిని రోజులు నెట్టుకొస్తున్నారు. పిల్లలు కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నారు. బాలింతలకు కాచిన నీళ్ళు కూడా కరువయ్యాయి.

దీనంతటికీ కారణం రాజు విజయకేతుడే. ఒక ముసురు రోజున ఒక ముసలమ్మ చేతిలో పెంకు పట్టుకుని రాజుగారి వంటశాల గుమ్మంలో నిలబడి, "నాయనా, పొయ్యి ఆరిపోయింది. కాస్త నిప్పు పెట్టండి," అని అడిగింది. ఆ దేశంలో నిప్పు అడిగినవాళ్ళకు లేదన్న ఇల్లు అంతకు ముందు లేదు. కానీ పాయసం రుచి చూడ్డానికి అప్పుడే వంటశాలకు వచ్చిన రాజు, "రాజుగారి నిప్పు ఊరందరికీ పంచిపెట్టడానికా? పొమ్మనండి!" అని కసురుకున్నాడు.

ముసలమ్మ శపించలేదు, తిట్టలేదు. "నీ నిప్పు నీ దగ్గరే ఉంచుకో నాయనా. వేడి మాత్రం నేను పట్టుకుపోతున్నాను," అని చెప్పి, ఉత్తరం దిక్కుగా వెళ్ళిపోయింది.

ఉత్తరాన మంచుకొండల నడుమ ఆరని అగ్నిగుండం ఒకటి ఉందనీ, అక్కడి నిప్పు తెచ్చి ఇక్కడి పొయ్యిలో వేస్తే వేడి తిరిగి వస్తుందనీ ఆస్థానంలోని సిద్ధుడు చెప్పాడు. ఆ దారిలో గుర్రాలు నడవలేవు. ఇక వేగరులే పోవాలి. వేగరులంటే రాజుగారి కబుర్లు మోసుకుని ఊరినుంచి ఊరికి పరుగెత్తేవాళ్ళు. బయలుదేరేటప్పుడు వాళ్ళు కాలికి గజ్జెలు కట్టుకుని, "ఇల్లు చేరేదాకా ఇవి విప్పను, ఇంకొకరి కాళ్ళ మీద ప్రయాణం చెయ్యను," అని ఒట్టు పెట్టుకుంటారు. బండి ఎక్కినా, ఎవరి వీపునైనా ఎక్కినా వాళ్ళకు తలవంపులు. దారి మధ్యలో గజ్జెలు విప్పినవాళ్ళు మళ్ళీ ఈ జన్మలో కట్టుకోవడానికి వీల్లేదు.

అలా వెళ్ళిన వేగరులు ఒక్కరూ తిరిగి రాలేదు. అందరికంటే గట్టివాడు జోగన్న వెళ్ళాడు. అతనూ రాలేదు. చివరికి అతని చెల్లెలు అంకమ్మ గజ్జెలు అందుకుంది. తల్లి ఆమె కాలికి ముడివేస్తూ, "నిప్పు దొరక్కపోతే మానె. నువ్వు మాత్రం తిరిగి రావే తల్లీ," అని ఏడ్చింది.

అంకమ్మ కాళ్ళు చురుకైనవే. అయితే ఆమెకు ఒక చెడ్డ అలవాటుందని వేగరుల పెద్ద ఎప్పుడూ చీవాట్లు పెట్టేవాడు. దారిలో ఏది కనిపించినా ఎందుకూ, ఏమిటీ, ఎలాగూ అని అడిగేది. వేగరికి ప్రశ్నలెందుకని ఆయన బాధ.

అంకమ్మ మంచుకొండలు ఎలా చేరిందో, అగ్నిగుండం దగ్గర ఏమేం చూసిందో చెప్పుకుంటూ కూర్చుంటే మీ కంచంలో అన్నం చల్లారిపోతుంది. మనకు కావలసింది ఆమె తిరుగు ప్రయాణంలో ఒకే ఒక్క పగలు.

ఆ పొద్దున అంకమ్మ దేవదారు అడవిలో పరుగెత్తుతోంది. భుజానికి వేలాడే ఉట్టిలో చిల్లుల కుండ ఉంది. అందులో ఊక, పిడకల పొడి, వాటి మధ్య గుండం నుంచి తెచ్చిన పిడికెడు నిప్పులు ఉన్నాయి. ఆమె పరుగెత్తినంతసేపూ చిల్లుల్లోంచి గాలి దూరి, నిప్పులు ఎర్రగా కణకణలాడతాయి. ఆగితే మసకబారతాయి. అందుకే ఆమె ఆగడం లేదు. చెట్ల చివర తెల్లగా వెలుగు కనిపిస్తోంది. అది అడవి అంచు. అక్కణ్ణించి ఇంటికి దారంతా పల్లమే.

మధ్యాహ్నం అయింది. వెలుగు అలాగే ఉంది, అంతే దూరంలో! అంకమ్మ ఇంకా జోరు పెంచింది. వెలుగు కాస్త వెనక్కి జరిగినట్టనిపించింది.

ఇంకొక వేగరి అయితే పళ్ళు బిగించి మరింత జోరు పెంచేవాడు. అంకమ్మకు మాత్రం ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. "ఇదెలా జరుగుతోంది?" అనుకుంటూ ఒక్క అడుగు మెల్లగా వేసి, కిందికి చూసింది. రెండు చెట్ల నడుమ నేల బెల్లంపాకంలా కొంచెం సాగింది. గబగబా నాలుగడుగులు వేసింది. నేల సర్రున సాగి, మధ్యలో కొత్త చెట్లు మొలుచుకొచ్చాయి. ఆగితే ఆగిపోయింది.

"అరె, అడవే సాగుతోంది!" అని అంకమ్మ చప్పట్లు కొట్టి నవ్వింది. మరుక్షణమే ఆమె నవ్వు ఆగిపోయింది. ఎంత పరుగెత్తితే అంత దూరం పెరిగితే, ఇంటికి చేరేదెప్పుడు? అన్న కూడా ఇక్కడే చిక్కుకుపోయాడా?

"ఎవరే అది, నా ఇంటిని ఎక్కడికో లాగేస్తోంది?" అని ఒక బొంగురు గొంతు వినిపించింది.

అంకమ్మ తిరిగి చూసింది. పక్కనున్న బండరాయికి తల మొలిచింది. అది రాయి కాదు, ఎడ్లబండి అంత తాబేలు! డిప్ప మీద నాచు, నాచు మీద మంచు పేరుకుని ఉన్నాయి.

"నేను అంకమ్మను తాతా, వేగరిని. ఈ అడవి ఎందుకిలా సాగుతోంది?"

"చెప్తాలే. వణుకుతో దవడలు కొట్టుకుంటుంటే మాటెలా వస్తుంది? కాళ్ళు కొంకర్లు పోయి ఎన్నాళ్ళయిందో! ఆ కుండలో ఉన్నది నిప్పేనా? కాస్త పెట్టవే తల్లీ."

అంకమ్మ కుండను గట్టిగా గుండెకు హత్తుకుంది. ఉన్నది పిడికెడు. అందులో కొంత తీస్తే మిగిలింది ఇల్లు చేరేదాకా బతుకుతుందా? ఇది ఆరిపోతే రాజ్యంలో పొయ్యిలన్నీ ఇక చల్లగానే ఉండిపోవలసిందే. లేదని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అంతలో, వంటశాల గుమ్మంలో రాజు అన్నదీ ఇదే మాట కదా అని గుర్తుకొచ్చి, సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఎండిన దేవదారు ఆకులు పోగుచేసి, కుండలోంచి నిప్పులు కొన్ని తీసి వేసింది. మంట భగ్గుమంది. ఎన్నాళ్ళ తరువాతో చూసిన వేడి మంట! తాబేలు ముందుకాళ్ళు చాపి, "ఆహా!" అంటూ కళ్ళు మూసుకుంది. డిప్ప మీది మంచు కరిగి కారిపోయింది.

"అడిగావుగా, ఇప్పుడు విను," అంది తాబేలు తృప్తిగా. "ఈ అడవికి మనుషుల పాదాలంటే భయం. అవి ఎంత వడిగా వస్తే ఇది అంతగా సాగి పారిపోతుంది. నేనంటావా, నేను నడుస్తున్నానో రాయిలా పడివున్నానో దానికి ఈనాటికీ తెలీదు. నా వీపెక్కు. పొద్దుగూకేలోపు అంచుకు దింపుతాను."

"వేగరి ఇంకొకరి వీపు ఎక్కకూడదు తాతా!"

"నీకు ముందొచ్చిన వాళ్ళంతా అదే అన్నారు. అదుగో, అడవిలో ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు. మరో మాట, గజ్జెలు కూడా విప్పాలి."

"గుడ్డపీలికలు కూరితే మోగవు కదా?"

"చప్పుడు ఒక్కటే కాదే పిచ్చిదానా. గజ్జె ఉన్న కాలు ఊరుకోదు. నీ మడమలే చూసుకో."

అంకమ్మ కిందికి చూసింది. నిలబడే ఉన్నా మడమలు టకటకా ఆడుతున్నాయి. కుండలో నిప్పులు అప్పుడే బూడిద కప్పుకుంటున్నాయి. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆ గజ్జెలు నాయనమ్మవి, ఆ తరువాత అత్తవి. ఇక ఎన్నటికీ తాను వేగరి కాదు. ఆమె ముళ్ళు విప్పుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. గజ్జెలను కొంగున మూటగట్టి, తాబేలు వీపెక్కింది.

తాబేలు కదిలింది. కదిలిందని కూడా తెలియలేదు. గాలి లేక కుండలో ఎరుపు తగ్గిపోతుంటే అంకమ్మ కంగారుపడింది. పక్కగా వచ్చిన వెదురుపొదలోంచి ఒక బొంగు విరిచి, కణుపు తొలిచి, అమ్మ పొయ్యి ఊదే గొట్టంలా చేసుకుంది. కాళ్ళు చెయ్యవలసిన పని మిగిలిన పగలంతా ఊపిరితో చేసింది. ఊదుతూ, మధ్యమధ్య చుట్టూ చూసేది. చెట్టు మీదినుంచి తలకిందులుగా నడిచి దిగే పిట్ట కనిపించింది. మంచులోంచి బుర్ర ఎత్తిన ఎర్ర పుట్టగొడుగు కనిపించింది. పొద్దుటి నుంచి వీటిని ఎన్నిసార్లు దాటిపోయిందో! "ఆ పిట్ట పడిపోదేం తాతా?" అని అడిగేది. తాబేలు విసుక్కోకుండా చెప్పేది.

ఉన్నట్టుండి ఎక్కడినుంచో గజ్జెల చప్పుడు వినిపించింది. చెట్ల మధ్యనుంచి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. గడ్డం పెరిగి, బట్టలు పీలికలై, చంకలో కుండతో ఉన్నాడు. అయినా అంకమ్మ ఇట్టే గుర్తుపట్టింది.

"అన్నా!"

జోగన్న ఆగలేదు. తాబేలు పక్కనే ఉన్నచోటే పరుగెత్తుతున్నాడు, నేల అతని కాళ్ళకింద సాగుతోంది. "అంకీ, నువ్వా? సిగ్గులేదూ, తాబేలెక్కి ఊరేగుతున్నావు! గజ్జెలేవే?"

"విప్పేశాను. నువ్వూ విప్పి పైకి రా!"

"చాల్లే! అదుగో, అంచు కనిపిస్తోంది. ఇంకొంచెం పరుగెత్తితే చాలు."

అన్నతో వాదించి గెలవడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు. అడగడం మాత్రం చేతనవును. "అన్నా, నీ కుండలో నిప్పు ఎలా ఉంది? ఒకసారి చూశావా?"

"చూడ్డమెందుకు? పరుగెత్తుతుంటే అదే బతుకుతుంది."

"ఒక్కసారి చూడు."

జోగన్న పరుగెత్తుతూనే మూత తీశాడు. లోపల బూడిద, దానిమీద మంచు గడ్డకట్టి ఉంది. అతని కాళ్ళు తడబడ్డాయి. నిలబడిపోయాడు. "ఎప్పుడో ఆరిపోయిందే, అంకీ," అన్నాడు చిన్నపిల్లాడిలా. అంకమ్మ చెయ్యి చాచింది. అతను గజ్జెలు విప్పుకుని, ఆ చెయ్యి పట్టుకుని పైకి ఎక్కాడు. చెల్లెలి ఊపిరి అలిసినప్పుడు తాను ఊదాడు, తన ఊపిరి అలిసినప్పుడు చెల్లెలు ఊదింది.

పొద్దు వాలేసరికి అడవి అంచు వచ్చింది. తాబేలు వాళ్ళను దింపి, "మిగిలినవాళ్ళను నేను ఒక్కొక్కరినే చేరుస్తాను. అడగడం ఎలాగో నేర్పావుగా," అని వెనుదిరిగింది.

అన్నాచెల్లెళ్ళు తామ్రగిరి పొలిమేర చేరారు. జోగన్న తిన్నగా రాజభవనానికే పోదామన్నాడు. కానీ మొదటి గుడిసెలోంచి ఒక బాలింత పెంకు పట్టుకుని వచ్చింది. అంకమ్మ నిప్పు పెట్టింది. పక్కింటివాళ్ళు వచ్చారు. వాళ్ళకూ పెట్టింది. తమ పొయ్యిల్లో రాజుకున్న నిప్పుల్లోంచి వాళ్ళు తిరిగి ఆమె కుండలో కొన్ని వేసేవారు. పంచుతున్నకొద్దీ కుండ నిండుతోంది గానీ తగ్గడం లేదు. వీధి వెంట వీధి పొగలు లేచాయి, ఎసర్లు మరిగాయి.

చివరికి రాజభవనం వచ్చింది. వంటశాల గుమ్మంలో విజయకేతుడే స్వయంగా నిలబడి ఉన్నాడు. కిరీటం లేదు. చేతిలో పెంకు ఉంది.

"అమ్మా," అన్నాడు తల వంచుకుని, "పొయ్యి ఆరిపోయింది. కాస్త నిప్పు పెట్టు."

అంకమ్మ పెట్టింది. ఆ మర్నాడే రాజు ఆమెను వేగరులందరికీ పెద్దను చేశాడు. కాలికి గజ్జెలు లేని పెద్ద ఆ రాజ్యంలో ఆమె ఒక్కతే. తరువాత అడవినుంచి ఒక్కొక్కరే తిరిగి వచ్చిన వేగరులు ఆమె ముందు నిలబడి కొత్త ఒట్టు పెట్టుకున్నారు. నిప్పు అడిగినవారికి లేదనమనీ, తోవలో కుండలోకి చూసుకోవడం మరవమనీ ఆ ఒట్టు.

అయితే అదంతా తరువాతి మాట. ఆ రాత్రి అన్నాచెల్లెళ్ళు ఇంటికి వెళ్ళారు. తల్లి వాళ్ళిద్దరినీ కావలించుకుని చాలాసేపు వదల్లేదు. తరువాత పొయ్యి మీదినుంచి అన్నం దించి, పొగలు కక్కుతుండగానే వడ్డించింది. ఆత్రం ఆపుకోలేక అంకమ్మ ముద్ద కలపబోయింది.

"అమ్మో, చెయ్యి కాలిందే!" అని అరిచింది.

ఆ మాట విని ఇల్లంతా, ఆ వెంటనే వీధి వీధంతా సంతోషంతో కేరింతలు కొట్టింది.